ఘాటీలో ఎదురైన సైకిలుకి చెప్పవలసిన మాట

విజయనగరంలో సైకిళ్ళున్నవాళ్ళం ఒకరినొకరం పేరు పెట్టి పిలుచుకోగలిగేంత మందిమే ఉన్నాం. అందరిలోకీ పలకరింపుల పట్టింపు ఎక్కువ ఉన్నవాణ్ణి నేనే. బళ్ళో డ్రాయింగు మాస్టర్ని కాబట్టి గీత వంకర పోతే ఎలా ఒప్పుకోనో, ఎదురైన సైకిలువాడు పలకరించకుండా పోతే అలాగే ఒప్పుకోను. సాటివాడు ఎదురైతే బెల్లు ఒకసారి కొట్టాలి, పెద్దవాడైతే రెండుసార్లు కొట్టి ఎడమచెయ్యి టోపీ దాకా ఎత్తాలి, హెడ్మాస్టరుగారి వంటివారు కనిపిస్తే దిగి నాలుగడుగులు నడవాలి. ఆడవాళ్ళు ఎదురైతే తల దించుకుని రోడ్డు పక్కకి తొలగిపోవాలి. ఇవన్నీ ఎవరు రాశారని మీరడిగితే, ఎవరూ రాయలేదు, నేనే నలుగురికీ చెప్పి చెప్పి అలవాటు చేశాను. నా వెనకాల నన్ను మర్యాదల మాస్టారంటారని నాకు తెలుసు. అందుకు సంతోషించేవాణ్ణి కూడా.

అలాంటి నా దగ్గరికి పోయినేడు మా సూర్యం వచ్చి ఏడ్చినంత పనిచేశాడు. అతను ప్లీడరు గుమస్తా, నాతోపాటే సైకిలు నేర్చుకున్నాడు. అరకు దాకా వెళ్ళొచ్చి, "కొండమీద సైకిలు తొక్కేవాళ్ళకి మర్యాదన్నది లేదురా. చెయ్యెత్తరు, బెల్లు కొట్టరు, అరుచుకుంటూ పోతారు. నేను టోపీ తీసి నమస్కారం పెడితే ఒకడు నా మొహం కేసి కూడా చూడలేదు" అన్నాడు. నాకు ఒళ్ళు మండింది. దీపావళి వెళ్ళాక అయిదు రోజులు సెలవు పెట్టి, నేనే వెళ్ళి చూసొస్తానని, పనిలో పనిగా వాళ్ళకి నేర్పి కూడా వస్తానని పదిమందిలో చెప్పేశాను. ఎంత మాట అనేశానో ఇప్పుడు రాస్తుంటే చెవులు వేడెక్కుతున్నాయి. అయినా రాస్తాను, ఎందుకంటే మీలో కొందరు ఈ చలికాలంలో అదే దారిన వెళ్దామనుకుంటున్నారని విన్నాను.

మొదటి రోజు సంగతి పెద్దగా లేదు. విజయనగరం నుంచి శృంగవరపుకోటకి బళ్ళు నలిగిన చదును రోడ్డు. తెల్లవారి బయలుదేరితే ఎండ ముదరక ముందే చేరిపోవచ్చు. నేను తొమ్మిది దాటాక చేరాను, అదీ దారిలో రెండుసార్లు టైరుకి గాలి కొట్టుకోవలసి వచ్చింది కాబట్టి. పగలంతా ముసురు పట్టింది, సాయంత్రానికి వాన కుండపోతగా కురిసింది. పూటకూళ్ళ ఇంట్లో రెండు పూటల భోజనం, పడకా కలిపి అయిదణాలు. మర్నాటికి పులిహోర మూట కట్టమంటే ఆ ఇంటావిడ అణా తీసుకుని, నా సైకిలుని కిందనుంచి పైదాకా చూసింది.

"దీనిమీద కొండెక్కుతారా నాయనా? ఎక్కుతారో, దాన్ని ఎక్కించుకుంటారో!" అంది.

"ఎక్కేటప్పుడు తోసుకుంటూ వెళ్తానమ్మా. దిగేటప్పుడు అది మోస్తుంది" అన్నాను.

"దిగేటప్పుడే భయం" అని రెండు మిరపకాయ బజ్జీలు ఎక్కువ వేసి మూట ముడేసింది.

రెండోరోజు పొద్దున్న ఆరున్నరకి కొండ మొదట్లో ఉన్నాను. వాన వెలిసింది. అప్పటిదాకా దూరంగా నీలంగా కనిపించిన కొండలు ఒక్కసారి మీదకి వచ్చి నిలబడ్డాయి. తలెత్తితే టోపీ జారిపడేంత ఎత్తు. ఆ ఎత్తులోంచి మబ్బు ముక్కలు చెట్లమధ్యకి దిగుతున్నాయి, ఎక్కడో నీళ్ళు పడుతున్న చప్పుడు వినిపిస్తోంది గానీ నీళ్ళు కనిపించడం లేదు. రోడ్డు మాత్రం ఏమీ తొందర లేనట్టు ఒక పక్కకి సాగి, మళ్ళీ రెండో పక్కకి తిరిగి, చూసిన చోటునే ఇంకొంచెం పైనుంచి చూపిస్తూ పోతోంది. అమ్మయ్యో అని నేను పైకే అన్నాను. వినేవాళ్ళెవరూ లేరు. కొండెక్కే ఈ ఘాటీ దారి మొదటినుంచీ మైలురాళ్ళు ఉన్నాయి. తోసుకుంటూ వెళ్తే గంటకి రెండు మైళ్ళు సాగుతుంది, అంతకంటే ఆశపడకండి.

రెండో రాయి దాటానో లేదో, పైమలుపులో బరబరమని చప్పుడైంది. ఒక ఫారెస్టు గార్డు సైకిలు మీద దిగి వస్తున్నాడు. వెనకాల తాడుతో కట్టిన పెద్ద ఆకుల కొమ్మ ఒకటి నేలమీద ఈడ్చుకుంటూ వస్తోంది. అది చూసి నేను నోరు తెరిచాను. ఏటవాలులో బ్రేకు ఒక్కటే ఆపలేదని, ఆ కొమ్మ బరువే సైకిలుని వెనక్కి పట్టి ఉంచుతుందని అప్పుడు తెలిసింది. తేరుకుని ఒకసారి బెల్లు కొట్టి, చిరునవ్వు నవ్వి, టోపీ మీద చెయ్యి వేశాను. అతను రెండు చేతులూ హ్యాండిలు మీంచి తియ్యలేదు. నా మొహం కేసి కూడా చూడలేదు.

"నాలుగో రాయి దాటినాక అంచు ఇరిగిపోనాది! మలుపులోనే! కొండవారగా నడు!" అని అరిచి, నా పక్కనుంచే దిగిపోయాడు.

నడు! ఊరూ పేరూ తెలియని పెద్దమనిషిని పట్టుకుని నడు అంటాడా! సూర్యం చెప్పింది అక్షరాలా నిజమేనని నాకు ఒక రకమైన తృప్తి కూడా కలిగింది. ఆ తృప్తిలో రెండు మైళ్ళు ఎలా ఎక్కానో తెలియలేదు.

నాలుగో రాయి దాటాక నిజంగానే రోడ్డు విరిగిపోయింది. మలుపు తిరిగితే గానీ కనపడదు. రాత్రి వానకి బయటి అంచు జారి లోయలోకి పోయింది. లోపలివైపు కొండని ఆనుకుని మనిషి పట్టేంత చోటు మిగిలింది. తొంగి చూస్తే కింద చెట్ల తలకాయలు, వాటికింద మళ్ళీ చెట్ల తలకాయలు. నా సైకిలుని భుజానికెత్తుకుని, వీపు కొండకి రాసుకుంటూ దాటాను. దాటాక ఇంటికి వెళ్ళి ఈ సంగతి ఎలా చెప్పాలా అని మాటలు కూర్చుకున్నాను గానీ, గార్డు అరిచిన అరుపు దీని గురించేనన్న ఆలోచనే రాలేదు. నిజంగా రాలేదు. పొగరు మనిషిని అంత మొద్దుని చేస్తుంది.

అయిదో రాయి తర్వాత కొండ పక్కలు బట్టతలల్లా విప్పుకున్నాయి. అడవి నరికి కాల్చి వేసిన పోడు చేలు. మనం చోళ్ళనే రాగులు కోతకి వచ్చాయి. ప్రతి చేలోనూ ఒక మంచె, మంచె మీద కాపలా మనిషి. పైనుంచి చూస్తే నేను ఎక్కి వచ్చిన రోడ్డు కాలికింద నాలుగు మెలికలుగా కనిపిస్తోంది. రెండు గంటలు చెమటోడ్చి వచ్చిన దూరం నిట్టనిలువుగా చూస్తే ఏమంత దూరం కాదు. దానికి అవతల పలచటి పొగలో మైదానం, అందులో మెరిసే చెరువులు, చిట్టచివర ఒక గీత. అది సముద్రమని నేను అనుకోవడం. పద్ధెనిమిదేళ్ళుగా పిల్లలకి కొండలు గీయడం నేర్పుతున్నాను, మూడు త్రికోణాలూ ఒక సూర్యుడూ. నాకే నవ్వొచ్చింది.

ఆరో రాయి దగ్గర, పది గంటల వేళ, మళ్ళీ ఆ బరబర చప్పుడు. ఈసారి మలుపు తిరిగి వచ్చిన మనిషిని చూసి నేను సైకిలు వదిలేసినంత పనయింది. ఆడమనిషి! నలభై ఏళ్ళుంటాయి. తెల్లచీర బిగించి కట్టి, కొంగు నడుముకి దోపి, ముందు తోలుసంచీ, వెనకాల తనంత పొడుగు కొమ్మ. రెండు పిడికిళ్ళూ హ్యాండిలుని పట్టుకున్నాయి. కళ్ళు రోడ్డు మీంచి కదలడం లేదు. ఇప్పుడు నేనేం చెయ్యాలి? అలవాటు కొద్దీ బెల్లు మాత్రం రెండుసార్లు కొట్టేశాను. తర్వాత నా మర్యాదలన్నీ ఒక్కసారి గుర్తొచ్చాయి. రోడ్డు పక్కకి తొలగి, తల దించుకుని నా చెప్పుల కేసి చూస్తూ నిలబడ్డాను.

"కింద దారేటి బాబూ?" అని అరిచింది.

పరాయి ఆడమనిషి నడిరోడ్డులో నన్ను కేకేసి అడగడమా! తలెత్తకుండానే, ఎంతో వినయంగా, "అంతా బాగుందమ్మా" అన్నాను.

"మంచిది!" అంది. నా మాట నమ్మి బ్రేకు కాస్త వదిలింది. కొమ్మ జోరందుకుని దుమ్ము రేపుకుంటూ పోయింది.

పక్క చేలో మంచె మీదనుంచి ఒక ముసలమ్మ ఇదంతా చూస్తోంది. చేతిలో చిలకల్ని తోలే వడిసెల. ఆమె పేరు సుక్రమ్మ అని తర్వాత తెలిసింది. చెయ్యి ఊపి, "కింద దారేటి బాబూ?" అని ఆమె కూడా అదే అడిగింది. ముసలామెతో మాట్లాడటానికి నాకేం అభ్యంతరం లేదు. పైగా మూడు గంటలుగా చెప్పుకోవడానికి మనిషి దొరక్క నాలుక దురదగా ఉంది.

"అబ్బో, ఏం చెప్పమంటావు! నాలుగో రాయి దాటాక రోడ్డే లేదు. మలుపులో సగం లోయలోకి పోయింది. సైకిలుని భుజాన వేసుకుని, వీపు కొండకి ఆనించి..." అని చేతులు తిప్పుతూ మొదలుపెట్టాను.

ఆమె మధ్యలోనే ఆపేసింది. "నర్సమ్మకి సెప్పినావు గదా?"

నేను నోరు తెరిచాను. తిప్పుతున్న చేతులు దించేశాను.

"అడిగింది గదా నిన్ను! నా సెవులతో ఇన్నాను. ఏటి సెప్పినావు?"

"బాగుందన్నాను."

"బాగుందా! ఎవులు బాగున్నారని అడిగింది నిన్ను? దారి అడిగింది దారి!" సుక్రమ్మ మంచె మీద లేచి నిలబడింది. "నా కూతురు కింద ఊర్లో నిన్న పొద్దుగూకినకాడ్నుంచి నొప్పులు పడతన్నాది. బిడ్డ అడ్డం తిరిగింది. ఆయమ్మ పురుడు పొయ్యడానికి అక్కడికే ఎల్తన్నాది!"

మలుపు తిరిగితే గానీ కనపడని ఆ విరుగు, దానికింద ఆ చెట్ల తలకాయలు, బ్రేకు వదిలిన ఆ సైకిలు. నా సైకిలు అక్కడే పడేసి కిందకి పరుగెత్తబోయాను.

"ఎక్కడికి? నీ కాళ్ళు సైకిలుని అందుకుంటాయేటి? నిలబడు! నోరు మూసుకుని నిలబడు!" అని కసిరింది సుక్రమ్మ. మంచె అంచుకి వచ్చి, రెండు చేతులూ నోటి దగ్గర దోసిలిగా పెట్టి కూత వేసింది.

"ఓ... నాలుగో రాయీ... ఇరిగిపోనాదీ... నర్సమ్మని ఆపండోయ్..."

ఆ బక్కప్రాణంలోంచి అంత గొంతు వస్తుందని నేను కలలో కూడా అనుకోలేదు. ఒక్కొక్క మాటనీ సాగదీసి, లోయ మీదకి వదిలింది. అది అవతలి కొండకి తగిలి తిరిగొచ్చే లోపల, మాకు బాగా కింద ఇంకో మంచె మీదనుంచి ఒక మగగొంతు అందుకుంది. అవే మాటలు, అదే సాగదీత. దానికింద మూడో గొంతు, ఆడదో మగదో తెలియలేదు. నాలుగోది ఈగ రొదంత వినిపించింది. ఆ తర్వాత ఏమీ వినపడలేదు. రోడ్డు మెలికలు తిరుగుతూ రెండు మైళ్ళు దిగాలి, గొంతు తిన్నగా దిగిపోయింది. నేను చూస్తుండగానే, ఎవరూ అడుగు కదపకుండా, ఒక ముసలమ్మ నోటిమాట కొండ దిగి వెళ్ళిపోయింది! నా రోమాలు నిక్కబొడుచుకున్నాయి. ఆ భయంలో కూడా ఎంత గొప్ప సంగతి చూస్తున్నానో నాకు తెలుస్తూనే ఉంది.

కానీ కూత సైకిలుని దాటిందో లేదో ఎలా తెలుస్తుంది?

"సూడాలి" అంది సుక్రమ్మ. చిలకల గుంపొకటి చేలోకి దిగి కంకులు తుంచుతోంది. ఆమె వాటి కేసి చూడలేదు. వడిసెల తాడు చేతికి చుట్టుకుంటూ విప్పుతూ ఉంది.

నేను ఉండబట్టలేక, "మీ అమ్మాయికి అలా ఉంటే నువ్విక్కడ ఉన్నావేమమ్మా?" అన్నాను.

"నానెల్తే ఇక్కడ కూత తెగిపోద్ది. నర్సమ్మ ఎలగొచ్చిందనుకున్నావు? కింద ఊర్లోంచి నా కాడికి, నా కాడ్నుంచి పైకి, అలగే పిలిసినాం. ఈ మంచె కాడ మనిసి ఉండాలి."

తాడు మళ్ళీ చేతికి చుట్టుకుంటూ తనే అంది. "ఇన్నది ఇన్నట్టే అనాల. సొంత మాట కలపకూడదు. బాగునేకపోతే బాగునేదనే సెప్పాల."

నన్ను తిట్టడానికి అన్న మాట కాదది. ఊరికే చెప్పింది. అందుకే ఇంకా గట్టిగా తగిలింది. నేను రోడ్డు మీద చతికిలబడ్డాను. నా చేతుల మీదుగా ఇద్దరు, కాదు ముగ్గురు పోతారేమో. ఆ మాట తలుచుకోలేక దేవుళ్ళందరికీ మొక్కాను. పదినిమిషాలో పావుగంటో, గడియారం తీసి చూసే ధైర్యం లేదు.

ముందు సుక్రమ్మకే వినిపించింది. ఆమె మెడ నిక్కింది. తర్వాత నాకూ వినిపించింది, సన్నగా, లోయ అడుగునుంచి. మాట తెలియడం లేదు. రెండో గొంతు అందుకుంది. మూడోది ఇంకొంచెం దగ్గర. మాకు కిందనే ఉన్న ఆ మగగొంతు అందుకునేసరికి స్పష్టంగా వినిపించింది.

"ఆ...గిం...దీ..."

సుక్రమ్మ మంచె మీద కూలబడి మొహం కొంగుతో తుడుచుకుంది. నాకు ఏడుపొచ్చేసింది. నలభై రెండేళ్ళ మగవాణ్ణి, రోడ్డు మీద కూచుని పిల్లాడిలా ఏడ్చాను. సిగ్గూ సంతోషమూ రెండూ కలిసే వచ్చాయి.

అంతటితో అయిపోలేదు. కిందనుంచి ఇంకో కూత బయలుదేరింది, ముక్కలు ముక్కలుగా, ఒక్కొక్క ముక్కా నాలుగు గొంతులు మారి. సుక్రమ్మ ఒక్కొక్కటే విని నాకు ఒప్పజెప్పింది. "నర్సమ్మ బాబుకి సెప్పమందట. ఏడో రాయి కాడ రాతికి తేనీగలు పట్టినాయి. లేసి ఉన్నాయి. గంట కొట్టకు. మెల్లగా నడు."

పై దారి ఎలా ఉందని నేను ఆవిణ్ణి అడగలేదు. నా అబద్ధం విని చావు అంచుదాకా వెళ్ళిన మనిషి, అక్కడ నిలబడి, ప్రసవానికి పరుగెడుతూ కూడా నాకు బాకీ ఉన్నట్టు నా దారి సంగతి నాకు పంపించింది. నన్ను ఒక్క మాట తిట్టమని కూడా చెప్పలేదు. గార్డు అరిచిన అరుపు అప్పుడు గుర్తొచ్చింది. అతను నన్ను పలకరించాడు. నేనే తిరిగి పలకరించలేదు.

సుక్రమ్మ ఆనపకాయ బుర్రలోంచి చోడంబలి పోసిచ్చింది. తాగాను. డబ్బులివ్వబోతే, "బేగి ఎల్లు, మబ్బు దిగిపోద్ది" అని చిలకల మీదకి వడిసెల తిప్పింది.

ఏడో రాయి దగ్గర, రోడ్డుకి ఎత్తుగా నిలబడ్డ రాతికి బానలంత తేనెపట్లు వేలాడుతున్నాయి. లెక్కపెట్టబోయి తొమ్మిది దగ్గర మానేశాను. రాయంతా కదులుతున్నట్టుంది, గాలంతా ఒకే రొద. బెల్లు గిన్నెకి చేతిరుమాలు చుట్టి, సైకిలుని నడిపించుకుంటూ, ఊపిరి కూడా చిన్నగా తీసుకుంటూ దాటాను. ఎప్పటిలా ఆ మలుపులో బెల్లు మోగించి ఉంటే ఈ అనుభవం మీకు ఇంకెవరో రాయవలసి వచ్చేది.

ఆ పూట అనంతగిరి కాఫీతోట గుమస్తా అరుగుమీద పడుకున్నాను. మర్నాడు మధ్యాహ్నానికి అరకు. చివరి ఎత్తు దిగగానే లోయంతా పసుపు. వలిసె పూలు విరగబూశాయి. కొండల పాదాలదాకా పసుపే, మధ్యలో ఎర్రమట్టి బాటలు, వాటిమీద సంతకి వెళ్ళే మనుషులు. వేరేరోజుల్లో అయితే దాని గురించే పది పేజీలు రాసేవాణ్ణి. సంతరోజు చూసుకుని వెళ్ళండి, కోమట్ల కొట్ల వసారాల్లో పడుకోవడానికి రెండణాలకి చోటిస్తారు, బియ్యం ఇచ్చి వండించుకోవచ్చు. నేను పూల మధ్యన నడిచాను గానీ, మనసు మంచె దగ్గరే ఉండిపోయింది. నర్సమ్మ ఆగింది. సమయానికి అందిందా? ఆ కూతురు ఏమైంది? అంత దూరానికి కూత రాదు.

అయిదో రోజు తిరుగుదారి. అనంతగిరిలో తోట కాపలాదారు నా సైకిలుకి కొమ్మ కట్టి పెట్టాడు. కొమ్మ మొదలు సీటు కింద కడ్డీకి, ఆకులు నేలకి. తాడు మంచిది కొనండి, నాసిరకం తాడు మూడో మలుపుకే అరిగిపోతుంది. దిగడం మొదలుపెట్టాక తెలిసింది చెయ్యెత్తడం ఎందుకు కుదరదో. కళ్ళు ఎత్తడమే కుదరదు. సుక్రమ్మ మంచె దగ్గర ఆపి కనుక్కుందామనుకున్నాను. అక్కడికి వచ్చేసరికి చేను కోసేశారు, మంచె ఖాళీ. పిలిచాను, ఎవరూ పలకలేదు. మనసు ఏదేదో శంకించింది. కూత అక్కర్లేకపోయాక దిగి వెళ్ళిందా, ఇంకెందుకైనా వెళ్ళిందా?

అయిదో రాయికి కొంచెం కింద, ఎదురుగా సైకిలు తోసుకుంటూ తెల్లచీర కనిపించింది. నన్ను చూసిందో లేదో, నర్సమ్మ దిగువ మలుపులోనే కొండవారగా తప్పుకుని నిలబడింది. మూడు రోజులుగా ఆవిడకి చెప్పాలని కూర్చుకున్న క్షమాపణ నా నాలుక చివర ఉంది. అది మొదలుపెడితే దారి చెప్పడానికి సమయం చాలదు.

"నాలుగో రాయి కాడ మట్టి పోసినారు, మెత్తగుంది, దిగాల! కింద రెండు ఎడ్లబళ్ళు వస్తన్నాయి!" అంది ఆవిడ.

"తేనెటీగలు అణిగాయి! ఎనిమిదో రాయి మలుపులో చెట్టు పడింది, కిందనుంచి దూరాలి! తొమ్మిదిలో కంకర లేచింది, జారుతుంది!" అని అరిచాను. పక్కనుంచి దిగిపోయాను. అంతే, అయిపోయింది. క్షమాపణ నోట్లోనే ఉండిపోయింది. వెనక్కి తిరిగి చూడటానికి లేదు, కొమ్మ లాగుతోంది, కింద లోయ.

అప్పుడు వెనకనుంచి ఆవిడ గొంతు వచ్చింది, నవ్వుతూ, సాగదీస్తూ, కూత వేసినట్టే. "గుంట పుట్టిందీ! తల్లీ పిల్లా బాగున్నారూ! పిల్లది ఏడిస్తే కొండంతా ఇనబడతన్నాదీ!"

రెండు చేతులూ హ్యాండిలు మీదే ఉన్నాయి కాబట్టి కళ్ళు తుడుచుకోవడానికి వీల్లేక అలాగే దిగాను.

ఇంటికొచ్చాక సూర్యం, "నేర్పొచ్చావా మర్యాద?" అని అడిగాడు. లేదన్నాను. ఊళ్ళో ఇప్పటికీ బెల్లు కొడతాను, టోపీ తాకుతాను, అందులో తప్పేమీ లేదు. కానీ ఎదుటి మనిషి వెళ్ళబోయే దారిలోంచే నేను వస్తున్నాననే సంగతి అంతకు ముందు నాకెప్పుడూ తట్టలేదు. నాకు తెలిసింది అతనికి తెలియదు, అతనికి తెలిసింది నాకు తెలియదు. ఆ కొండల్లో చదువు రాని మనుషులు ఇంత పెద్ద విషయాన్ని పట్టుకుని, దాన్ని తప్పనిసరి చేసుకుని, మంచెల మీద కూచుని కాపాడుకుంటున్నారు. వాళ్ళకి మర్యాద నేర్పడానికి బయలుదేరినవాణ్ణి నేను.

వెళ్ళేవారికి పనికొచ్చే మాట ఒక్కటి. ఘాటీలో ప్రతి మైలురాయి దగ్గరా ఆగి, ఆ మైలులో చూసిన లోపాన్ని రాయి అంకెతో సహా రెండుసార్లు పైకి అనుకోండి. ఎదురు సైకిలు మీ ముందు ఉండేది పది అడుగుల సేపు మాత్రమే. ముందు దారి చెప్పండి, సమయం మిగిలితే నమస్కారం పెట్టండి.